శీతల సాగర గర్భంలో

నీటిపై ఈదడం మానవుడు ఏనాడో నేర్చుకొన్నాడు. కాని నీటి లోపల ఊపిరి పీల్చుకొంటూ స్వేచ్ఛగా సంచరించడం అతనికి చాలాకాలం వరకు సాధ్యం కాలేదు. 1943లో ఫ్రాన్సు దేశీయులైన జాక్ కుస్తో, ఎమిల్ గాన్యాన్‌లు రూపొందించిన శ్వాసపరికరం ఆ కొరతను తీర్చింది. వీపున కట్టుకొన్న సిలిండర్‌లోని గాలిని, ఈతగాడు పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి పీడనానికి సమానమైన పీడనంతో అందించడం ఆ పరికరం ప్రత్యేకత. దాని ఆధారంగా అభివృద్ధి చెందిన జలాంతర విహారాన్నే స్కూబా డైవింగ్ అంటున్నాం.

స్కూబా అనగానే వెచ్చని నీలి సముద్రాలు, రంగురంగుల పగడపు దిబ్బలు మనసులో మెదులుతాయి. బ్రిటన్ తీరసముద్రం ఇందుకు భిన్నమైనది. శీతకాలం ముగిసే నాటికి అక్కడి నీటి ఉష్ణోగ్రత అనేక చోట్ల 6 నుంచి 8 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోతుంది. అయినా ఎందరో ఏటేటా ఆ చలినీటిలోకి దిగుతూనే ఉన్నారు. ఆ సముద్రం పేదది కాదు. కెల్ప్ అనే పెద్ద నాచు అక్కడ అడవివలె పెరుగుతుంది. ఫార్న్ దీవుల చెంత సీళ్లు ఈతగాళ్ల చుట్టూ కుతూహలంతో తిరుగుతాయి. అన్నిటినీ మించి, శతాబ్దాల నౌకాచరిత్ర ఆ నీటి అడుగున నిలిచి ఉంది.

ఈ సంపదకు కావలి కాసేది చలి. నీరు శరీరంలోని వేడిని గాలి కంటె దాదాపు 25 రెట్లు వేగంగా హరిస్తుంది. మొదట వేళ్లు కొయ్యబారుతాయి. చిన్న కొక్కేన్ని విప్పడం కూడ కష్టమవుతుంది. చలి మరింత ముదిరితే ఆలోచన మందగిస్తుంది. అపాయాన్ని గుర్తించవలసిన బుద్ధే మొద్దుబారడం అన్నిటికంటె పెద్ద అపాయం.

ఈ చలిని ఎదుర్కొనడానికి రెండు రకాల దుస్తులున్నాయి. నియోప్రీన్ అనే రబ్బరుతో చేసిన వెట్‌సూట్ పలుచని నీటిపొరను ఒంటికి అంటిపెట్టుకొని ఉంచుతుంది. ఆ నీరు శరీరపు వేడితోనే వెచ్చబడుతుంది. కాని లోతుకు దిగినకొద్దీ పీడనం వల్ల ఆ రబ్బరులోని గాలిబుడగలు అణగిపోతాయి. దుస్తు పలుచబడి వేడిని నిలుపలేదు. అందువల్ల బ్రిటన్‌లో ఎక్కువమంది నీరు చొరబడని డ్రైసూట్‌ను ధరిస్తారు. దాని లోపల మందపాటి ఉడుపు, దానిలో నిలిచిన గాలి శరీరాన్ని కాపాడతాయి.

చలి శరీరాన్నే కాదు, పరికరాన్ని కూడ బాధిస్తుంది. సిలిండర్‌లో అధిక పీడనంతో ఉన్న గాలి వెలుపలికి వచ్చేటప్పుడు వ్యాకోచించి చల్లబడుతుంది. చుట్టూ ఉన్న నీరు కూడ చల్లగా ఉంటే రెగ్యులేటర్‌లో మంచు ఏర్పడి, కవాటం తెరచుకొన్న స్థితిలోనే బిగుసుకుపోవచ్చు. అప్పుడు గాలి ఆగకుండా బయటికి పోతుంది. అందుకే అనుభవజ్ఞులు శీతలజలాలకు తగిన రెగ్యులేటర్‌ను ఎన్నుకొంటారు. మరొక చిన్న సిలిండర్‌ను వెంట ఉంచుకొంటారు.

పైకి రావడంలో సైతం నియమముంది. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కణజాలంలో కరుగుతుంది. ఈతగాడు తొందరపడి పైకి వస్తే, సోడాసీసా మూత తీసినప్పటివలె అది బుడగలుగా వెలువడి, పక్షవాతానికి, ఒక్కొక్కప్పుడు మరణానికి దారితీస్తుంది. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్ మేకలపై ప్రయోగాలు జరిపి, అంచెలంచెలుగా ఆగుతూ పైకి రావలసిన పద్ధతిని 1908లో తన సహచరులతో కలిసి ప్రకటించాడు. తలపైన వెలుతురు, కొద్ది మీటర్ల దూరంలో పడవ కనిపిస్తున్నా, చలికి వణుకుతూ నియమిత కాలం వేచి ఉండడమే ఈతగాని ఓర్పుకు అసలైన పరీక్ష.

ఈ క్రమశిక్షణతో చూడదగిన చోట్లలో స్కాట్లండ్‌కు ఉత్తరాన, ఆర్క్నీ దీవుల నడుమ గల స్కాపా ఫ్లో ముఖ్యమైనది. మొదటి ప్రపంచయుద్ధం చివర జర్మనీకి చెందిన 74 నౌకలను అక్కడ నిర్బంధించారు. అవి శత్రువుల వశం కాకూడదని సేనాని లుడ్విగ్ ఫాన్ రాయిటర్ 1919 జూన్ 21న వాటిని ముంచివేయవలసిందిగా ఆజ్ఞాపించాడు. ఒక్కరోజులో 52 నౌకలు మునిగాయి. తరువాత ఎర్నెస్ట్ కాక్స్ మొదలైనవారు అనేక నౌకలను వెలికితీశారు. పెద్ద నౌకలలో ఏడు మాత్రం అక్కడే మిగిలాయి. వాటిలో మూడు యుద్ధనౌకలు సుమారు 40 మీటర్ల లోతున బోర్లాపడి ఉన్నాయి. 2001 నుంచి అవి రక్షిత స్మారకాలు. ఈతగాళ్లు వాటిని దర్శించవచ్చు గాని, వాటినుంచి ఏ వస్తువునూ తీసుకొనరాదు.

అదే జలాశయంలో మరొక నౌక ఉంది. 1939 అక్టోబరు 14వ తేదీ తొలి గంటలలో, జర్మన్ జలాంతర్గామి దాడిలో రాయల్ ఓక్ అనే బ్రిటిష్ యుద్ధనౌక మునిగి 835 మంది మరణించారు. వారిలో వందమందికి పైగా పద్దెనిమిదేళ్లు నిండని నావికులు. వారు జూనియర్ కళాశాల విద్యార్థుల ఈడువారే. ఆ నౌకను యుద్ధసమాధిగా గౌరవిస్తారు. ఎంత నైపుణ్యమున్నా విహారానికి అక్కడ అనుమతి లేదు. ఏటా బ్రిటిష్ నౌకాదళానికి చెందిన ఈతగాళ్లు మాత్రమే దిగి, మృతుల స్మృత్యర్థం అక్కడ కొత్త పతాకాన్ని నిలుపుతారు.

శీతల సాగరాన్ని సాహసం ఒక్కటే జయించలేదు. దిగే ముందు సన్నద్ధత, దిగిన తరువాత నిగ్రహం ఉన్నవారికే అది తన తలుపు తెరుస్తుంది. ఎక్కడికి వెళ్లవచ్చునో తెలిసి ఉండడంతోపాటు, ఎప్పుడు మరలిరావాలో, ఎక్కడ అడుగిడరాదో తెలిసి ఉండడం కూడ విద్యలో భాగమే.