టూత్‌బ్రష్ గట్టిదైతేనే మంచిదా?

నెల సామాన్ల చీటీ రాసేటప్పుడు కందిపప్పు ఏ రకమో, నూనె ఏ కంపెనీదో గుర్తుపెట్టుకుని మరీ రాస్తాం. టూత్‌బ్రష్ దగ్గరికి వచ్చేసరికి "నాలుగు బ్రష్‌లు" అని రాసి ఊరుకుంటాం. మహా అయితే రంగు చూస్తాం, పిల్లలు పోట్లాడుకోకుండా!

కొందరైతే ఏరి కోరి గట్టి బ్రష్ తెచ్చుకుంటారు. మాడిన గిన్నెకి గట్టి పీచు కావాలి కదా, పళ్లకీ అంతే అనుకుంటారు. పొరబాటు అక్కడే ఉంది. పళ్ల మీద రోజూ పేరుకునే పాచి మెత్తగా, జిగటగా ఉంటుంది. మెత్తటి బ్రష్‌కే వచ్చేస్తుంది. అది గట్టిపడి గారగా మారితే ఎంత రుద్దినా పోదు, పళ్ల డాక్టరు తీయాల్సిందే. మరి గట్టి బ్రష్ చేసేదేమిటి? చిగుళ్లను అరగదీయడం! ఏళ్ల తరబడి అలా రుద్దితే చిగుళ్లు వెనక్కి జరిగి పంటి మొదలు బయటపడుతుంది. అక్కడ ఎనామిల్ పొర ఉండదు. అందుకే చల్లటి నీళ్లు తగిలితే చాలు, జివ్వుమంటుంది.

కొనేటప్పుడు...

* అట్ట మీద 'సాఫ్ట్' అని ఉన్నది తీసుకోండి.
* తల చిన్నదిగా, సుమారు అంగుళం పొడవు ఉంటే చివరి దంతాల వెనక దాకా వెళుతుంది.
* కుచ్చు చివర్లు కోసినట్టు కాక గుండ్రంగా ఉన్నవి మంచివి.
* పిల్లలకి ఇంకా చిన్న తల, లావుపాటి పిడి ఉన్నవి కొనండి. పేస్టు 3 ఏళ్లలోపు బియ్యపు గింజంత, 3 నుంచి 6 ఏళ్ల వరకు బఠాణీ గింజంత చాలు.

తోముకునేటప్పుడు...

బ్రష్‌ను పిడికిట్లో బిగించకుండా పెన్సిల్‌లా పట్టుకోండి. చిగురు, పన్ను కలిసేచోట ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు మెల్లగా తిప్పండి. 2 నిమిషాలు, రోజుకి 2 సార్లు. పొద్దున తోముకోవడం మనం ఎప్పుడూ మానం. రాత్రి పడుకోబోయే ముందు తోముకోవడమే మర్చిపోతాం!

రక్తం వస్తోందా?

రక్తం కనబడగానే భయపడి అక్కడ తోమడం మానేస్తారు చాలామంది. చేయాల్సింది దానికి సరిగ్గా తిరగేసి! పాచి నిలిచి చిగురు వాచినందువల్లే ఎక్కువగా రక్తం వస్తుంది. మెత్తటి బ్రష్‌తో అక్కడ కూడా శుభ్రం చేయండి. రెండు వారాలకీ తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. గర్భిణులకి హార్మోన్ల మార్పు వల్ల చిగుళ్లు తేలిగ్గా వాస్తాయి. షుగర్ ఉన్నవాళ్లకి చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది. వీళ్లు అశ్రద్ధ చేయకూడదు.

మార్చేదెప్పుడు?

3, 4 నెలలకోసారి మార్చాలి. కుచ్చు విచ్చుకుపోతే ఇంకా ముందే. వాడాక కడిగి, మూత పెట్టకుండా నిలబెట్టి ఆరనివ్వండి.

ఇంట్లో అందరికీ కొత్త బ్రష్‌లు పంచి, "నాది ఇంకా పనికొస్తుందిలే" అనే ఇల్లాలు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆ విచ్చుకుపోయిన బ్రష్ నిజంగానే పనికొస్తుంది, గ్యాస్ బర్నర్లు తోమడానికి! మీ పళ్లకి మాత్రం ఈ నెల చీటీలో కొత్తది రాసుకోండి.