ప్రతి కత్తికీ ఒక వాదర

జుల్‌హజ్జ నెలవంక కనబడిన మరునాటి నుంచే మన వీధులలో సానవాని సైకిలు గంట వినిపించడం మొదలవుతుంది. వంటింటి చాకులు, చురీలు, అటకమీది బుగ్దా అన్నింటినీ ఒక గోనెసంచిలో వేసి అతని ముందు పెడతాము. అతడు వాటిని ఒకదాని తరువాత ఒకటిగా చక్రానికి ఆనించి, నిప్పురవ్వలు ఎగజిమ్మి, తళతళలాడించి తిరిగి ఇస్తాడు. ఆ మెరుపునే పదునని నమ్మి డబ్బు చెల్లిస్తాము. కొన్ని సంవత్సరాల క్రితం వరకు మా ఇంటిలోనూ ఇదే ఆనవాయితీ.

ఒక బక్రీదు నాడు ఆ నమ్మకం వమ్మయింది. పొట్టేలును ఖిబ్లా దిక్కుగా పరుండబెట్టి, అల్లాహ్ నామం ఉచ్చరించి చురీని నడపగా, అది చర్మాన్ని కొంత కోసి అక్కడే మొరాయించింది. మూడు నాలుగు మార్లు వెనుకకు ముందుకు లాగవలసి వచ్చింది. ఆ కొద్ది క్షణాలలో ఆ మూగజీవి కనులలో మేము చూచినది ఈనాటికీ మా మనస్సును వీడలేదు. మాంసం కొట్టడానికి వచ్చిన ముసలి ఖసాయి చాచా చురీని అందుకొని, అంచుపై బొటనవేలును అడ్డంగా ఆనించి చూచి, తల ఊపాడు. “చురీ, బుగ్దా రెండూ ఒకే తీరున సాన పట్టించారా భాయ్‌సాబ్? దీని పని వేరు, దాని పని వేరు కదా!” అన్నాడు.

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ప్రతి విషయంలోనూ ఉత్తమరీతిని పాటించమని ఆదేశిస్తూ, జిబహ్ చేయువాడు తన కత్తిని పదును పెట్టుకొని పశువుకు బాధ తప్పించాలని ప్రత్యేకంగా పేర్కొన్న విషయం సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉన్నది. ఖుర్బానీ పొట్టేలును తెప్పించినప్పుడు ఆయన హజ్రత్ ఆయిషా (రజి)ను కత్తి తెమ్మని, దానిని రాతిపై నూరమని చెప్పిన సంగతి కూడా అదే గ్రంథంలో కలదు. ఈ హదీసులను మేము బాల్యం నుంచి వింటూనే ఉన్నాము. పదును పెట్టడమంటే కేవలం అంచును అరగదీయడం కాదని, ఆ అంచుకు ఎటువంటి ఆకారం ఇస్తున్నామన్నదే అసలు ప్రశ్న అని గ్రహించడానికి మాత్రం ఆ పొట్టేలు బాధ పడవలసి వచ్చింది.

కత్తిని అడ్డంగా ఖండించి, ఆ ఖండాన్ని ఎదురుగా నిలిపి చూచినట్లు ఊహించుకుందాము. పైన మందమైన వీపు, క్రింద సన్నని వాదర. ఈ రెంటి నడుమ పక్కలు ఏ రూపంలో దిగుతున్నవి? తిన్నగా, సమతలంగా దిగితే అది చీల ఆకారం. మన వంటింటి మంచి చాకులు చాలావరకు ఇట్టివే. పక్కలు లోనికి గుంటపడి, పుటాకారంగా దిగితే అంచు మిక్కిలి పలుచనై అమితమైన పదును తేలుతుంది. మంగలికత్తి ఇందుకు చక్కని ఉదాహరణ. పక్కలు వెలుపలికి ఉబ్బి, కుంభాకారంగా దిగితే అంచు వెనుక ఇనుము దట్టంగా నిలిచి దెబ్బకు ఓర్చుకుంటుంది. గొడ్డలి అట్టిది, బుగ్దా కూడా అట్లే ఉండవలెను. ఇక వడ్రంగి ఉలివలె ఒక పక్కనే వాలు గల వాదర నాలుగవది. జపానువారు చేపలు కోసే దేబా, యానగిబా కత్తులు ఈ కోవకు చెందినవి. కుడిచేతివానికి చేసినది ఎడమచేతివానికి పనికిరాదు గనుక మన ఇండ్లకు దాని ప్రసక్తి అంతగా లేదు.

సానవాని చక్రం గుండ్రనిది. దాని అంచుకు ఆనించిన కత్తి ఎంతో కొంత గుంటపడక తప్పదు. చక్రం ఎంత చిన్నదైతే గుంట అంత లోతు. అనగా, మన సంచిలోని కత్తులన్నింటికీ అతడు తెలిసో తెలియకో మంగలికత్తి వాదరనే ప్రసాదిస్తున్నాడు! అటువంటి బుగ్దాతో ఎముకను కొడితే అంచు పెళుసుగా పెచ్చులూడుతుంది లేదా మడత పడుతుంది. ఊడిన ఇనుపరవ్వ ఖీమాలో కలిసి ఎవరి పంటి కిందకు వస్తుందో చెప్పలేము. నీరు తగలని చక్రం రాపిడికి అంచు వేడెక్కి నీలిరంగుకు తిరిగిందంటే ఆ మేర ఉక్కు తన గట్టిదనాన్ని కోల్పోయినట్లే. ఎంత నూరినా అక్కడ పదును నిలువదు.

మా చురీ మొరాయించడానికి కారణం మరొకటి. సాన పట్టినప్పుడు అంచున వెంట్రుకవంటి ఇనుపపొర ఒకటి రెండవ వైపుకు లేచి నిలుస్తుంది. దానిని తొలగించకుండా వదిలివేస్తే చేతికి గరుకుగా తగిలి పదునని భ్రమింపజేస్తుంది. మొదటి రాపిడికే అది అంచుమీదికి ఒరిగి కత్తి మొద్దుబారుతుంది.

జిబహ్‌లో శ్వాసనాళం, అన్ననాళం, వాటికి ఇరుపక్కల ఉన్న రక్తనాళాలు ఒకే ధాటిగా తెగవలెను. పశువు ప్రాణం పోయే వరకు వెన్నుపామును తెంచరాదు. దీనికి మేము ఎంచుకున్నది సమతలపు పక్కలు గల పొడవైన చురీ. పుటాకారపు వాదర ఆరంభంలో హాయిగా దిగినా, లోతుకు పోయే కొద్దీ పైనున్న మందం అడ్డుపడుతుంది. కుంభాకారపు వాదర దృఢమైనదే గాని, దానిని చదునైన రాతిపై ఇంటివారు నిలుపుకొనడం కష్టం. రంపపు పళ్ళ కత్తులను ఈ పనికి తాకనే కూడదు. పొడవు విషయంలో పిసినారితనం పనికిరాదు. పశువుల సంక్షేమంపై కృషి చేసిన అమెరికా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్, పశువు మెడ వెడల్పుకు రెండింతల పొడవు గల కత్తిని సూచించారు. కోత జరుగుతుండగా గాయపు అంచులు కత్తిపై మూసుకొనరాదన్నది ఆమె చెప్పిన మరొక నియమం. ఒక కాగితాన్ని మూలపట్టి వ్రేలాడదీసి, పొడి కత్తితో కోసి చూడమన్న పరీక్ష కూడా ఆమెదే. తెగితే సరి. చిరిగితేనో, వంగితేనో మళ్ళీ రాయి పట్టవలసినదే.

వాలు ఎంత ఉండాలి? వంటింటి చాకుకు ఒక్కో పక్క 15 నుంచి 20 డిగ్రీలు, ఖుర్బానీ చురీకి 20 డిగ్రీలు, బుగ్దాకు 25 నుంచి 30 డిగ్రీలు సమంజసం. కోణమానిని అక్కరలేదు. చదరపు కాగితపు మూలను సగానికి మడిస్తే 45, మరల మడిస్తే ఇరవై రెండున్నర డిగ్రీలు. ఆ మడతను రాతి ప్రక్కన నిలిపి, కత్తి వీపును దాదాపు ఆ ఎత్తున ఉంచితే చాలు. 5 సెంటీమీటర్ల వెడల్పు గల చాకైతే, 15 డిగ్రీలకు వీపు రాతికి 1.3 సెంటీమీటర్ల ఎత్తున నిలుస్తుంది. అంచుకు నల్లసిరా పూసి నూరితే, సిరా ఎక్కడ చెరిగిందో రాయి అక్కడ తగులుతున్నదని అర్థం. ముందుగా 1000 నంబరు రాయి, ఆపై 3000 నంబరు రాయి, రెంటికీ నీరు. అంచున లేచిన పొర వేలికి తగిలే వరకు ఒక పక్క, తరువాత రెండవ పక్క. చివరగా పాత తోలుబెల్టుపై వెనుకకు మాత్రమే లాగితే ఆ పొర రాలిపోతుంది. బుగ్దాను మాత్రం నూరేటప్పుడు వీపును మెల్లగా పైకెత్తుతూ ఊయలవలె ఆడిస్తే ఉబ్బు నిలుస్తుంది.

ఈ పనంతా పండుగకు రెండు రోజుల ముందే, పశువు కట్టిన చోటికి దూరంగా ముగించుకోవాలి. పశువు చూస్తుండగా కత్తి నూరడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. నమాజు ముగించి వచ్చి హడావుడిగా సాన పట్టేవారు ఈ మాటను జ్ఞాపకముంచుకుంటే బాగుండును.

ఆ మరుసటి యేడు మా చురీ ఒకే లాగుకు పని ముగించింది. చాచా ఏమీ అనలేదు. చురీని తీసుకొని గోటిపై ఆనించి చూచి, కడిగి, తుడిచి, కొబ్బరినూనె రాసి గుడ్డలో చుట్టి ఇచ్చాడు. దానితో ఉల్లిపాయలు కోయడానికి మా దాదీమా నాటి నుంచి ఎవరినీ అనుమతించడం లేదు.