నిగ్రహము ఎవరిది? ఆదిక్రైస్తవ కథలలో స్త్రీదేహము

తెలుగు బైబిలులో గలతీయులకు వ్రాసిన పత్రికయందు ‘ఆశానిగ్రహము’ అను మాట కలదు. గ్రీకు మూలములో ఆ స్థానమున నున్నది ‘ఎంక్రాతేయా’. తన్ను తాను వశమునందుంచుకొను శక్తి యని దాని భావము. పత్రికలో ఈ మాట తెలుగున సుఖముగనే ఇమిడినది. కాని, రెండు మూడు శతాబ్దులలో పుట్టి బైబిలులో చోటు దొరకని అపొస్తలుల కథలను తెనిగింపబూనినప్పుడు నాకు చిక్కు వచ్చినది. ఆ కథలలో నాయికలు భర్తృశయ్యను నిరాకరింతురు. ఆ నిరాకరణమునకు మన భాషలో పేరేమి? పాతివ్రత్యమనరాదు, అది భర్తనుద్దేశించినది. బ్రహ్మచర్యము పురుషుని ఆశ్రమముగా రూఢమైనది. కన్యాత్వమన్నచో వివాహమునకై వేచియుండు స్థితి స్ఫురించును. స్త్రీకి తన దేహముపై తనకే గల అధికారమును తెలుపు మాట కొరకు నిఘంటువులు తిరుగవేసితిని, నాకు దొరకలేదు.

ఈ కథలలో మనకు మిక్కిలి సన్నిహితమైనది ‘తోమా కార్యములు’. మూడవ శతాబ్దపు ఆరంభమున సిరియా ప్రాంతమున పుట్టిన ఈ గ్రంథమునకు రంగస్థలము భారతదేశము. అపొస్తలుడైన తోమా ఒక వర్తకునికి బానిసగా అమ్మబడి ఓడయెక్కి వచ్చి, మొదట ‘అంద్రాపోలిస్’ అను పట్టణమున దిగును. ఈ పేరులో ఆంధ్రదేశమును చూచిన పండితులు లేకపోలేదు. నాకును ఆశ కలిగినది. కాని గ్రీకున అది ‘పురుషుల పట్టణము’ అనియే అర్థమిచ్చును, సిరియాక్ ప్రతిలో పేరే వేరు. కనుక ఆ ఆశను వదలుకొనుట మేలు. ఆ పట్టణపు రాజు కుమార్తెకు నాడు వివాహము. తోమా ప్రార్థించి వెడలిన పిదప వధూవరులు దాంపత్యసుఖమును విడనాడుదురు. మరునాటి ఉదయమున తల్లి వచ్చి చూడగా, కుమార్తె మేలిముసుగు లేక కూర్చుండియుండును. సిగ్గులేదా యని అడిగినప్పుడు, ఆ సిగ్గు తన నుండి తొలగిపోయినదని ఆమె సమాధానము.

కథ చివర వచ్చు మిగ్దోనియా వృత్తాంతము మరింత తీవ్రమైనది. ఆమె రాజబంధువైన ఖరీసియసు భార్య. తోమా బోధ విన్న పిదప భర్త పొత్తునకు అంగీకరింపదు. అతడు బతిమాలును, ఏడ్చును, ఆకలి మానును. తుదకు బలాత్కారమునకు దిగును. ఆమె వాకిటి తెరను లాగి ఒడలికి చుట్టుకొని పారిపోయి, తన దాది ప్రక్కన పండుకొనును. పిమ్మట రాణియైన తెర్తియా కూడ ఆ మార్గమునే పట్టును. రాజాజ్ఞచే తోమా ఈటెలకు బలియగును. కాని ఆ స్త్రీలను మాత్రము మగలు లొంగదీయలేక, వారి ఇచ్చకు విడిచిపెట్టుదురు.

దీనిని కేవలము దేహద్వేషముగా చదువుట పూర్వుల వాడుక. గత శతాబ్దపు చివరి పాదమున ఆ చదువు మారినది. ఇట్టి కథలు విధవల సమాజములలో పుట్టినవని స్టీవన్ డేవీస్ 1980లో వాదించినాడు. వర్జీనియా బర్రస్ 1987లో ప్రకటించిన గ్రంథమున ఈ బ్రహ్మచర్యమును స్వాతంత్ర్యముగనే వ్యాఖ్యానించినది. ఊహకు ఆధారము లేకపోలేదు. పౌలును అనుసరించి, కాబోవు భర్తను త్రోసిపుచ్చి, మృగశాలలో తనకు తానే బాప్తిస్మమిచ్చుకొన్న తెక్లా కథను చూపి స్త్రీలు తమకును బోధించు హక్కు కలదనుచున్నారని, సుమారు 200 ప్రాంతమున తెర్తుల్లియను కోపించినాడు. వాడుకలో లేని కథపై అంత కోపమేల? తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక స్త్రీని బోధింపవద్దని, పిల్లలను కనుమని శాసించుటను ఈ కథల ప్రక్కన నిలిపి చదివినచో రెండు పక్షముల వాదమును వినినట్లుండును.

అయితే కేట్ కూపర్ 1996లో ఒక చల్లని నీటిచెంబు కుమ్మరించినది. ఆమె దృష్టిలో ఇది భర్తకును అపొస్తలునికిని నడుమ నడచు అధికారపు పోటీ. స్త్రీ అందులో పందెము మాత్రమే. ఈ ఆక్షేపణ బలమైనదే. ఐనను తెర చుట్టుకొని పరుగెత్తు ఆ స్త్రీ నా కంటికి పందెమువలె కనబడదు.

నన్ను కలచినది వేరొక సంగతి. భుయ్యాడీహ్‌లో, సువర్ణరేఖకు చేరువనున్న మా వాడలో, అనువదించిన భాగములను ఇరుగుపొరుగు తెలుగు స్త్రీలకు చదివి వినిపించుట నాకలవాటు. పెక్కుమంది ఉక్కు కర్మాగారపు పనులకై ఉత్తరాంధ్రము నుండి వచ్చిన కుటుంబముల వారు. ఒకనాడు ‘అంద్రెయ కార్యముల’ నుండి మాక్సిమిల్లా కథ చదివితిని. పత్రా నగరపు అధికారి భార్యయైన మాక్సిమిల్లా, భర్త శయ్యను తప్పించుకొనుటకు, యూక్లియా అను అందగత్తెయైన దాసిని అలంకరించి చీకటిలో తనకు మారుగా పంపును. ఎనిమిది నెలలు ఇట్లు జరుగును. యూక్లియా తన విడుదలను అడుగును, నగలడుగును, తోడి దాసులయొద్ద గొప్పలు చెప్పుకొనును. సంగతి బయటపడగా యజమాని ఆమె నాలుక కోయించి, అవయవములు నరికించి వీథిలో పారవేయించును. మాక్సిమిల్లా పవిత్రత కథ తుదివరకును చెక్కుచెదరదు.

నేను ముగింపగానే ఒక వృద్ధురాలు, “ఆ దాసీదాని మాట ఎవులడిగినారు బాబూ?” అన్నది.

ఎవరును అడుగలేదు. కథకుడు యూక్లియాను సిగ్గుమాలిన దానిగనే చూపినాడు. రోమను ధర్మములో వ్యభిచారమనగా గౌరవస్త్రీని చెరచుట. దాసిని యజమాని అనుభవించుట నేరము కాదు. తెలుగు బైబిలు ‘జారత్వము’ అని అనువదించిన ‘పోర్నేయా’ను క్రైస్తవ బోధకులు పురుషునికి కూడ నిషేధించి, రెండు తూకముల న్యాయమును సవరింపజూచినారు, అది చిన్న సంగతి కాదు. కాని నిరాకరించు శక్తియే లేని బానిస ఆ శాసనమునందు ఎట్లు నిలువగలదని జెనిఫర్ గ్లాన్సీ 2002లో ప్రశ్నించినది. యజమాని పిలిచినప్పుడు పోవలసినదానికి నిగ్రహమెక్కడిది? పరిశుద్ధతయే రక్షణకు షరతైనచో ఆమె గతియేమి? దేహమును త్యజించుటకు ముందు అది తనదై యుండవలెను గదా. పౌలు కొరింథీయులకు వ్రాయుచు భార్యాభర్తల దేహములపై పరస్పరాధికారమును సమముగా చెప్పినాడు. దాసిని ఆ లెక్కలో చేర్చలేదు.

మరల తోమా కథను తెరచినప్పుడు, ముందు నేను దాటిపోయిన చోట్లు కనబడినవి. మిగ్దోనియా పల్లకిలో వచ్చినప్పుడు తోమా మొదట మాటలాడినది ఆమెతో కాదు, పల్లకి మోయువారితో. అంద్రాపోలిస్ పెండ్లిలో పిల్లనగ్రోవి ఊదిన యూదు బాలిక ఒకతె యున్నది. అతని పాట ఆ సభలో ఆమెకొక్కతెకే అర్థమైనది. అతడు వెడలిపోయినప్పుడు, తన్ను తోడ్కొని పోలేదని ఆమె సత్రములో కూర్చుండి ఏడ్చును. రాజకుమార్తె సంగతి విని లేచి ఆమె యొద్దకు పోవును. కథకుడు ఆమెకు పేరు పెట్టలేదు. నా అనువాదములో మిగ్దోనియా నిరాకరణమునకు ‘ఆత్మాధీనత’ యని వ్రాసుకొంటిని; యూక్లియా కథలో ఆ మాటను ఒక్కచోట కూడ వాడుటకు చేయి రాలేదు.