రైలుపెట్టెలో భోజనశాల

పెద్దలమాట చద్దిమూట యను సామెత మనయింట వినని వారు లేరు. ఆ చద్దిమూటను గట్టునది మాత్రము స్త్రీయే. రైలుప్రయాణ మనిన చాలును, ముందునాటి రాత్రియే పులిహోరకు చింతపండు నానవేయుట, పెరుగన్నము కలిపి పోపు వేయుట, మఱచెంబు నిండ నీరు పట్టుట మన తల్లుల పనిగా నుండెడిది. బండి యెక్కిన పిదప అందఱికిని వడ్డించి, మిగిలినది తాము తినెడివారు. అట్టి రైలుపెట్టె కదలక యొకచోట నిలిచి, వచ్చినవారిని కూర్చుండబెట్టి భోజనము పెట్టుచున్నదని విని, దానిని జూడవలెనని వరంగల్లునుండి మేము కొందఱము బయలుదేఱితిమి.

మన యోరుగంటివారికి రైలు తాతలనాటి చుట్టము. నిజాము రాజ్యపు రైలుమార్గము 1886లో వరంగల్లునకును, 1889లో బెజవాడకును వచ్చెను. 1929లో కాజీపేట బల్లార్షా మార్గము పూర్తి యగుటతో, ఉత్తరదేశమును చెన్నపట్టణమును గలుపు త్రోవలో కాజీపేట పెద్దకూడలి యయ్యెను.

మేము సికింద్రాబాదులో దిగి కాచిగూడ చేరితిమి. ఆ స్టేషను ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కాలమున 1916లో గట్టబడినది. గుమ్మటములతో, మీనారులతో చూచుటకు రాజభవనమువలె నుండును. అచ్చట దక్షిణ మధ్య రైల్వేవారు 2023 ఆగష్టులో రెండు పాతపెట్టెలను బాగుచేయించి భోజనశాలగా దెఱపించిరి. పెట్టెలు రైల్వేవి, వంటయు వడ్డనయు గుత్తకు గొన్నవారివి. పాతరకపు పెట్టెలకు సామాన్యముగా 25 ఏండ్లు సేవాకాలము. అటుపై తుక్కునకు పోవలసినదే. వానిని భోజనశాలలుగా మార్చుట మన రైల్వేలో 2020లో, పశ్చిమ బెంగాలులోని ఆసనసోలు స్టేషనున ఆరంభమయ్యెను. ఇందువలన పోవలసిన పెట్టె నిలిచినది. టిక్కెట్లు గాక వేఱొక రాబడియు రైల్వేకు గలిగినది.

మెట్లెక్కి లోపలికి పోగా పెట్టె పొడవునను బల్లలు, నడుమ నడుచుటకు త్రోవ. కిటికీలు రైలుకిటికీలే గాని వెలుపల చెట్లు పరుగెత్తవు. ఇడ్లీ దోసెలు మొదలు ఉత్తరాదివారి రొట్టెలు, మొగలాయి వంటకములు, చీనావారి తినుబండములు వఱకు పట్టికలో నున్నవి. మాతో వచ్చిన పెద్దవదినగారు ఇడ్లీలు రాగానే అలవాటు చొప్పున లేచి, అందఱి పళ్లెములలో చట్నీ వేయబోయిరి. వడ్డించు కుఱ్ఱవాడు, “మీరు కూర్చోండమ్మా, నేను వేస్తాను” అని మొదట ఆమె పళ్లెములోనే వేసెను. “అందరికంటే ముందు నా పళ్లెం నిండడం ఇదే మొదలు” అని యామె నవ్విరి. మేమును నవ్వితిమి గాని, ఆ మాట మా మనస్సులను విడువలేదు.

భోజనశాలలో స్త్రీకి చోటు ఎక్కడను దానంతట వచ్చినది గాదు. అమెరికాలోని ప్రావిడెన్సు నగరమున 1872లో వాల్టర్ స్కాట్ అనునతడు గుఱ్ఱపుబండిలో రాత్రివేళ ఆహార మమ్మసాగెను. అట్టి బండ్లు క్రమముగా వీథిప్రక్కన నిలిచిపోయి, రైలుపెట్టె రూపము దాల్చినవి; పాత ట్రాముపెట్టెలను మార్చి కట్టినవియు గలవు. వానిని డైనరు లందురు. వానిలో పొడుగుబల్ల ముందు ఎత్తుపీటలపై కూర్చుండువారు దాదాపుగా మగవారే. 1920 తరువాతి దశకమున యజమానులు చేరగిలబడు బెంచీలు వేయించి, స్త్రీలను ఆహ్వానించు పలకలు కట్టించిన పిదపనే స్త్రీలు అధికముగా రాసాగిరి.

మన దేశమున 1890 నాటి రైల్వేచట్టము, ప్రతి ప్రయాణికుల బండిలో నొక గదియైన స్త్రీలకు ప్రత్యేకింపవలెననియు, బండి 50 మైళ్లకు మించి పోవునెడల ఆ గదికి మరుగుదొడ్డి యుండవలెననియు విధించెను. కూర్చుండుటకు చోటు దొరకినది గాని, నిశ్చింతగా తినుటకు దొరకలేదు. స్వాతంత్ర్యమునకు పూర్వము స్టేషనులలో హిందువులకు వేఱు, మహమ్మదీయులకు వేఱు నీళ్లును ఫలాహారశాలలును ఉండెడివి. నేడో, మా ప్రక్కబల్లయొద్ద నొక ముస్లిము కుటుంబము, ఎదుట పుస్తకము చదువుకొనుచు ఒంటరిగా నొక యువతి. ఎవరు ఎవరని ఎవరును అడుగలేదు.

సోదరీమణులారా, ఇంటివంట మానుమని మా యభిప్రాయము గాదు. పిల్లలతో పోవువారు ధరలపట్టిక ముందుగా చదువుకొని, కావలసినంతయే తెప్పించుకొనుట మేలు. మగ్గిన యెండలో నిలిచి వడ్డించు పిల్లలను ఆదరముగా పిలుచుటయు మఱవరాదు. అయితే ఇల్లాలిని ముందు కూర్చుండబెట్టుటకు కాచిగూడ దాక పోనక్కఱలేదు. వారమున కొకపూట మగవారో, ఎదిగిన పిల్లలో వడ్డింపగా, ఆమె మొదటిపంక్తిలో కూర్చుండి వేడియన్నము తినిన చాలును.