క్షేత్రపరిశోధనమున సమ్మతిపత్రము

జానపద విజ్ఞానమును సేకరించు పరిశోధకునకు ఒకప్పుడు కలము, కాగితము చాలియుండెను. పిదప ధ్వనిముద్రణ యంత్రము వచ్చెను. నేడు ప్రతి విద్యార్థి చేతియందును వీడియో తీయు సెల్‌ఫోను కలదు. కలము పాటను మాత్రమే గ్రహించెను. కెమెరా పాడువాని ముఖమును, ఇంటిని, చెంతనున్న బిడ్డలను గూడ గ్రహించుచున్నది. కావున చిత్రింపబడువారి సమ్మతిని వ్రాతమూలకముగా గైకొనుట, అనగా వాడుకలో రిలీజు ఫారమనునది, మన పరిశోధనలకును అవసరమైనది. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో దానిని ఎట్లు వినియోగింపవలయునో ఇందు విచారింతము. 2016లో ఈ రెండును పెక్కు జిల్లాలుగా విభజింపబడినను, ఇచట మేము పూర్వపు ఎల్లలనే గ్రహించితిమి.

మొదట చట్టమును చూతము. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో జరిగిన సవరణ ప్రదర్శకుని హక్కును గుర్తించినది. గాయకుడు, నర్తకుడు మొదలుకొని గారడివాడు, పాములవాడు వరకు ఆ నిర్వచనమున చేరియున్నారు. ఒగ్గుకథకుడును, కిక్రి వాయించుచు గోండుల వంశగాథలు పాడు ప్రధానుడును అందు చేరుదురనుట స్పష్టము. ప్రదర్శనము జరిగిన మరుసటి సంవత్సరము మొదలు 50 ఏండ్లు ఈ హక్కు నిలుచును. తన పేరు చెప్పుమనుటకును, తన ప్రతిష్ఠకు భంగము కలుగునట్లు ప్రదర్శనమును వికృతము చేయవలదనుటకును 2012 నాటి సవరణ ప్రదర్శకునకు అధికారమిచ్చినది. బోధన, పరిశోధనలకై చేయు ముద్రణమునకు మినహాయింపు కలదు. అయితే ఆ వీడియోనే యూట్యూబున ఉంచినప్పుడును, విక్రయించినప్పుడును ఆ మినహాయింపు మనలను కాచునని నమ్మరాదు.

గోపనీయత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించినది. సమ్మతి స్వేచ్ఛగా, విషయము తెలిసి, నిర్దిష్ట ప్రయోజనమునకై ఇచ్చినదై యుండవలెనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము చెప్పుచున్నది. ఆ విన్నపమును ఆంగ్లమునగాని, రాజ్యాంగపు 8వ షెడ్యూలులోని భాషలలో గాని పొందు వీలుండవలెనని కూడ విధించినది. గోండి, కొలామీ భాషలు ఆ షెడ్యూలులో లేవు. చట్టము ఆగిన ఈ చోటనే పరిశోధకుని బాధ్యత మొదలగుచున్నది.

ఆదిలాబాదున కాగితమనగా నేమి? వడ్డీవ్యాపారి యెదుట వేసిన వేలిముద్ర వలన భూములు చేజారిన కుటుంబములు అచట పెక్కు కలవు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దాని 1970 నాటి సవరణయు ఈ అన్యాయమును అరికట్టుటకు పుట్టినవే. అట్టి పల్లెలో అపరిచితుడొకడు తెలుగు కాగితము చూపి నిశాని వేయుమన్నచో వృద్ధులు వెనుదీయుట సహజము. వెనుదీయక వేసినను, అది అధికారభయము వలన వేసినది కావచ్చును. అర్థము కాని పత్రముపై వేలిముద్ర పరిశోధకుని రక్షించునేమో గాని, సమ్మతి మాత్రము కాజాలదు. మా వాదసారమిదియే.

ప్రయోజనమును స్పష్టపరచుట ఏల అవసరమో ఒక ఉదాహరణము చూపుదుము. హైమెన్‌డార్ఫ్ 1941 మొదలు ఆదిలాబాదు గోండుల నడుమ పరిశోధన సాగించెను. మర్లవాయి ఆయనకు నివాసమయ్యెను. ఆయన తీసిన ఛాయాచిత్రములు, చలనచిత్రములు లండనులోని ప్రాచ్య ఆఫ్రికా అధ్యయన సంస్థలో భద్రపరుపబడినవి. ఆనాడు కెమెరా ముందు నిలిచినవారు తమ రూపము ఒకనాడు ప్రపంచమంతయు చూచునని ఊహించియుండరు. నేడు మనకా వ్యవధి లేదు. ఉదయము తీసినది సాయంకాలమునకే లోకమెల్ల చేరును.

కావున పత్రము ఒక పుటకు మించరాదు. తీయువాడెవ్వడు, ఏ సంస్థవాడు, ఏమి తీయును, ఎచట చూపును, ఎచట దాచును, అమ్మునా అమ్మడా, వలదన్నచో ఎవరికి చెప్పవలెను అనునవి అందుండవలెను. తరగతి గదికి, గ్రంథాలయమునకు, అంతర్జాలమునకు వేర్వేరు గడులుంచి, ఒకదానికి ఔనని మరొకదానికి కాదను వీలు కల్పింపవలెను. పేరు ప్రకటింపవచ్చునా అని కూడ అడుగవలెను. కొందరికి పేరు గౌరవము, కొందరికి ప్రమాదము. చదువురానివారికి ఆ యూరివాడే వారి భాషలో వినిపింపగా, వారు తమ మాటలలో మరల చెప్పిన దానిని కెమెరాలోనే ముద్రింపవలెను. ఒక ప్రతి వారికీయవలెను. పనిదినము పోయినందుకిచ్చు పైకమును సమ్మతికి వెలగా చూపరాదు.

ఒగ్గుకథా బృందమున ప్రధానకథకుని సమ్మతి డోలు వాయించువానికి వర్తింపదు. ప్రతివానిని వేరుగా అడుగవలెను. కేస్లాపూరు నాగోబా జాతరలో మెస్రం వంశ పెద్దల అనుమతి మొదటిది. అయినను భేటింగునకు వచ్చిన కొత్తకోడలి ముఖమును దగ్గరగా తీయుటకు ఆమె మాట వేరుగా కావలెను. బాలబాలికల విషయమున తలిదండ్రుల సమ్మతితోపాటు బిడ్డ ఇష్టమును గమనింపవలెను. సిరిసిల్లలో మరమగ్గపు కార్మికుడు మరణించిన యింట, దుఃఖసమయమున పొందిన సమ్మతి స్వేచ్ఛాసమ్మతి కాదు. కొన్నాళ్ళకు మరల పోయి, తీసినది చూపి, మరల అడుగుట న్యాయము.

ఇట్లు చేసినచో కొన్ని చిత్రములు మనకు దక్కకపోవచ్చును. దక్కినవి మాత్రము నిర్భయముగా భద్రపరుపదగినవియై యుండును. పిదప వచ్చు పరిశోధకునకు ఆ యూరి వాకిలియు తెరచియుండును.