బఫర్ ఎవరి అధీనంలో ఉంది? డీఎంఏపై అపోహలు – వాస్తవాలు

రామానాయుడు స్టూడియోస్ ఉన్న ఫిల్మ్‌నగర్‌లో గాని, పక్కనే ఉన్న జూబ్లీహిల్స్‌లో గాని సినిమాకు తుది రంగులు దిద్దే డీఐ గదిలో, 4096×2160 పిక్సెళ్ల, రంగుకు 10 బిట్ల డీపీఎక్స్ ఫ్రేమును కుదించకుండా వాడితే అది సుమారు 35 మెగాబైట్లు ఉంటుంది కనుక, సెకనుకు 24 ఫ్రేములను ఉమ్మడి స్టోరేజీ నుంచి తెరపైకి తేవడానికి దాదాపు 6.8 గిగాబిట్ల వేగం, అంటే 1,500 బైట్ల చొప్పున ఐదున్నర లక్షలకు పైగా ప్యాకెట్లు అవసరమవుతాయి. బొమ్మ తడబడితే నింద డిస్కుపైనో కేబులుపైనో పడుతుంది గాని, నెట్‌వర్క్ కార్డును నడిపే డ్రైవరుపై, అది డీఎంఏను వాడే తీరుపై అనుమానం అరుదుగానే కలుగుతుంది.

అపోహ: డీఎంఏ ఉంటే ప్రాసెసరుకు పట్టింపు ఉండదు.

వాస్తవం: డీఎంఏ అంటే ప్రాసెసరు ఒక్కో బైటును మోయకుండా కార్డే నేరుగా మెమరీలో రాయడం, అయితే ఆ చోటి పాత నకలు ప్రాసెసరు క్యాష్‌లో మిగిలి ఉండవచ్చు. ఈ తేడాను హార్డ్‌వేరే సరిదిద్దని కొన్ని ఆర్మ్ వ్యవస్థల్లో, ఆ చోటును, అంటే బఫర్‌ను, చదవబోయే ముందు డీఎంఏ_సింక్_సింగిల్_ఫర్_సీపీయూతో ప్రాసెసరు అధీనంలోకి తెచ్చుకొని, మళ్లీ నింపడానికి ఇచ్చేటప్పుడు డీఎంఏ_సింక్_సింగిల్_ఫర్_డివైస్‌తో కార్డుకు అప్పగించవలసి ఉంటుంది.

అపోహ: ఎక్స్86 యంత్రంపై సింక్ లేకుండానే నడిచింది కనుక అది అనవసరం.

వాస్తవం: అన్నిటిలోకీ ప్రమాదకరమైన నమ్మకం ఇదే. ఎక్స్86లో క్యాష్ పొందికను హార్డ్‌వేరే చూసుకోవడం వల్ల సింక్ పిలుపు సాధారణంగా ఏమీ చేయదు, మరచినా బయటపడదు. కానీ కార్డు చేరలేని చిరునామాలో బఫర్ ఉన్నప్పుడు లినక్స్ స్విఓటీఎల్‌బీ అనే మధ్యంతర బఫర్‌ను వాడుతుంది, అందులోని డేటాను అసలు చోటికి నకలు చేసేది ఆ సింక్ పిలుపే. అది లేకపోతే డ్రైవరు పాత బైట్లనే చదువుతుంది. చెక్‌సమ్‌ను కార్డే ముందుగా సరిచూసి ఉంటే కెర్నెల్ దాన్నే నమ్ముతుంది గనుక, చెడిన బైట్లు ఎవరి కంటా పడకుండా ఫ్రేములోకి చేరే అవకాశం ఉంది. అందువల్ల కెర్నెల్‌ను డీఎంఏ డీబగ్ ఎంపికతో నిర్మించి, స్విఓటీఎల్‌బీని బలవంతంగా అమలుచేసి పరీక్షించని డ్రైవరును నమ్మదగినదని చెప్పలేము.

రింగు అనే బఫర్ల వరుసను పెంచితే వేగం పెరుగుతుందన్నదీ సగం నిజమే: క్షణకాలపు ఉప్పెనను అది తట్టుకుంటుంది, ప్రాసెసరే నిరంతరం వెనుకబడితే నష్టాన్ని కాసేపు వాయిదా వేస్తుంది, పైగా క్యాష్‌ను నింపేస్తుంది. అసలు ఆదా బఫర్లుగా వాడే మెమరీ పేజీలను తిరిగి వాడుకోవడంలో ఉంది. 2018లో లినక్స్ 4.18తో వచ్చిన పేజ్ పూల్‌తో ప్రతి ప్యాకెట్టుకూ కొత్త పేజీ కేటాయించే శ్రమ తగ్గింది, తర్వాతి రూపాల్లో పేజీల డీఎంఏ మ్యాపింగును నిలిపి ఉంచి, కార్డు రాయగల మేరకే సింక్ చేయడం సాధ్యమైంది.