చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లము

తొలకరి పడి చెరువులలోనికి క్రొత్తనీరు దిగినంతనే గ్రామములలో పిల్లలకు నీళ్లవిరేచనములు పట్టుకొనుట మనమందరము ఎరిగినదే. పూర్వము ఇట్టి సమయమున బిడ్డ దాహమని ఏడ్చినను పెద్దలు నీరు ఇయ్యనిచ్చెడివారు కారు. త్రాగించినకొలది విరేచనములు ఎక్కువగునని వారి భయము. ఆ భయము నేటికిని కొన్ని ఇండ్లలో కలదు. కాని అనేక సందర్భములలో బిడ్డ ప్రాణము తీయునది విరేచనముతో శరీరమునుండి పోవు నీరు, ఉప్పు. ఆ నష్టమును వెంటవెంటనే పూడ్చినచో బిడ్డ బ్రతుకును. మడి ఎండుచున్నదన్న అర్ధరాత్రియైనను లేచి నీరు కట్టు మనము, బిడ్డ ఎండిపోవుచుండగా నీరు మాన్పుట ఎంత విపరీతము!

ఈ చిన్న సంగతిని మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో ఇంటింటికి ఎట్లు చేర్చిరో తెలిసికొనుట, గ్రామములకు విషయములు అందజేయు మనవంటివారికి గొప్ప పాఠము.

జోడెడ్ల వంటి జంట

విరేచనములు అగుచున్నప్పుడు ఉత్త నీరు గాని, ఉత్త ఉప్పునీరు గాని త్రాగినచో ప్రేవులు చాలినంత పీల్చుకొనలేవు. ఉప్పుతోపాటు తగు పాళ్లలో తీపి కూడ ఉన్నచో ఆ రెండును కలిసి ప్రేవులనుండి లోనికి పోవును; వాని వెంట నీరును పోవును. జోడెడ్లు కాడికి కట్టినగాని బండి కదలనట్లే ఇదియును.

1968లో ఢాకా నగరమున డేవిడ్ నాలిన్, రిచర్డ్ కాష్ అను వైద్యులు కలరా రోగులకు ఇట్టి ద్రావణమును త్రాగించి, నరములకు ఎక్కించు సెలైను అవసరమును చాలవరకు తగ్గింపవచ్చునని చూపిరి. 1971లో యుద్ధమువలన పశ్చిమ బెంగాలునకు తరలివచ్చిన శరణార్థుల శిబిరములలో కలరా వ్యాపించెను. బన్‌గావ్‌లో సెలైను సీసాలు అయిపోగా, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి 30 వరకు ఉన్న మరణములు, ఈ చికిత్స పొందినవారిలో 4 కంటె తక్కువకు దిగెను. 2023లో మన ప్రభుత్వము ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ్ ప్రకటించెను.

మందు దొరికినది. దానిని వైద్యుడు లేని పల్లెకు చేర్చుట ఎట్లు?

పది మాటలు ఏడైనవి

1972లో ఫజ్లే హసన్ అబేద్ స్థాపించిన బ్రాక్ సంస్థ ఈ పనికి పూనుకొనెను. పొట్లములు దొరకని ఊరిలోనైనను ఉప్పు, బెల్లము దొరకును. మూడు వ్రేళ్లతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లము, అరసేరు నీరు — ఇంతియే వారి మందు. 1980 మొదలు 1990 వరకు ఆ సంస్థ స్త్రీ కార్యకర్తలు 1 కోటి 20 లక్షలకు పైగా ఇండ్లకు నడచి వెళ్లి తల్లులకు ఈ విద్య నేర్పిరి. కరపత్రము పంచి ఊరుకొనలేదు. తల్లులలో చాలమందికి చదువు రాదు. ఎదుట కూర్చుండి చెప్పి, తల్లిచేతనే కలిపించి చూచిరి. మొదట గుర్తుంచుకొనవలసిన మాటలు పది ఉండగా, అవి ఎక్కువైనవని తోచి ఏడుకు తగ్గించిరి.

జీతము విషయమున వారు పెట్టిన పద్ధతి గమనింపదగినది. కొన్ని దినములు గడచిన తరువాత వేరొకరు పోయి, కొన్ని ఇండ్లను ఎంచుకొని తల్లులను ప్రశ్నించెడివారు. తల్లికి ఎన్ని మాటలు గుర్తున్నవో, ఆమె కలిపిన నీరు సరిగా ఉన్నదో లేదో చూచి, దానినిబట్టి కార్యకర్తకు ముట్టజెప్పెడివారు. ఎన్ని ఇండ్లు తిరిగినదను లెక్క ఒక్కటే చాలదు.

తెలియుట వేరు, చేయుట వేరు

ఇంత చేసినను మొదట ఒక లోపము బయటపడెను. తల్లులు ఏడు మాటలును ఒప్పజెప్పుచున్నారు; బిడ్డకు విరేచనములు పట్టినప్పుడు మాత్రము చాలమంది ఆ నీరు ఇచ్చుట లేదు. కారణము వెదకగా, కొందరు కార్యకర్తలకే దానిపై నమ్మకము లేదని తేలెను. తమకు జబ్బుచేసినప్పుడు వారే వేరే మందులకు పోవుచుండిరి. అప్పుడు కార్యకర్తలకు ఈ నీరు ఎట్లు పనిచేయునో మరల బోధించిరి. వారు తల్లుల ఎదుటనే దానిని త్రాగి చూపిరి. ఇంటి మగవారికి ఏమియు చెప్పకుండుటయు పొరపాటని గ్రహించి, మసీదులలో, సంతలలో, పాఠశాలలలో పురుషులకును వివరించిరి. వాడకము పెరిగెను.

1980 ప్రాంతమున బంగ్లాదేశ్‌లో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో ఇంచుమించు 200 మంది అయిదేండ్లు నిండకమునుపే చనిపోవుచుండిరి. నేడు ఆ సంఖ్య ఇంచుమించు 30. టీకాలు, మంచినీరు, స్త్రీల చదువు మొదలగు కారణములు అనేకము గలవు. ఈ ఉప్పు బెల్లపు నీరును వానిలో ఒకటి.

ఈ సంగతులు చదివినప్పుడు నా పని నాకు జ్ఞప్తికి వచ్చెను. విత్తనశుద్ధిని గూర్చి సభ జరిపి, హాజరు పట్టీలోని సంతకములు లెక్కించి, పని ముగిసినదనుకొన్న దినములు గలవు. నెల గడచిన పిమ్మట అదే రైతు గడపకు పోయి, కిలో విత్తనమునకు మందు ఎంత పట్టించితివని అడిగినవాడను కాను. ఇప్పుడు అడుగుచున్నాను. జవాబులు ఎల్లప్పుడు సంతోషకరముగా ఉండవు. కాని ఎక్కడ తప్పినదో తెలియుచున్నది.

ఇంటిలో చేయవలసినది

1. ఆశా కార్యకర్తవద్ద గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున గాని ఓ.ఆర్.ఎస్. పొట్లము తెచ్చి ఇంట ఉంచుకొనవలెను. లీటరు పొట్లమును ఒక్కసారిగా లీటరు మంచినీటిలోనే కలుపవలెను. కొంచెము కొంచెముగా గ్లాసులో కలిపినచో పాళ్లు తప్పును.

2. పొట్లము లేనప్పుడు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలుపవలెను. టీ చెంచాతో తలకొట్టి కొలువవలెను. ఉప్పు ఎక్కువైన ప్రమాదము.

3. ప్రతి విరేచనము తరువాత రెండేండ్లలోపు బిడ్డకు పావు కప్పు నుండి అరకప్పు, పెద్ద పిల్లలకు అరకప్పు నుండి కప్పు వరకు, చెంచాతో నెమ్మదిగా పట్టవలెను. వాంతియైనచో పది నిమిషములు ఆగి మరల ఇయ్యవలెను. ఒక దినము దాటిన నీరు పారబోయవలెను.

4. తల్లిపాలు, అన్నము మాన్పరాదు. జింకు మాత్రలు ఆరోగ్య కార్యకర్త చెప్పిన మోతాదున, విరేచనములు కట్టినను, 14 దినములు పూర్తిగా ఇయ్యవలెను.

5. మలములో రక్తము, కండ్లు గుంటలు పడుట, మగతగా పడియుండుట, ఏమియు త్రాగలేకపోవుట — వీనిలో ఏది కనిపించినను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. దారి పొడవునను ఆ నీరు పట్టుచుండవలెను.

గ్రామాధికారులకు ఒక మనవి. ఈ మాటలను పంచాయతీ గోడపై వ్రాయించుట మంచిదే. అంతటితో ఆగక, వర్షములు పడిన పిమ్మట పదియిండ్లకు పోయి, "లీటరు నీటికి ఉప్పు ఎంత?" అని అడిగి చూడుడు. అమ్మనే గాక అయ్యను, అవ్వను కూడ అడుగుడు. జవాబు రానిచోట కూర్చుండి, వారిచేతనే ఒకసారి కలిపింపుడు.